నా పీపా బీరుకు ఎంచిన తప్పులు

నేను బీరు చేస్తాను. ఈ మాట ఎవరితో అన్నా ముందు నా మొహం చూస్తారు, తర్వాత మెడలో సిలువ చూస్తారు, ఆ తర్వాత గొంతు తగ్గించి "తాగుతావా?" అని అడుగుతారు. తాగి చూడకుండా ఎలా చేస్తాను? వంటమనిషిని పట్టుకుని పులుసులో ఉప్పు చూశావా అని ఎవరూ నిలదీయరు కదా. మధురైలో మా అమ్మ మాత్రం చర్చిలో అడిగినవాళ్ళందరికీ "నా బిడ్డ ల్యాబులో ఉండాది" అని చెప్పి మాట మార్చేస్తుంది. అది అబద్ధమేం కాదు. మా ఫ్యాక్టరీలో ల్యాబు కూడా ఉంది.

ఫ్యాక్టరీ వాళయార్ చెక్‌పోస్టు దాటాక, కేరళలో, పాలక్కాడు వైపు. చిన్నది. నేను కోయంబత్తూరులో ఒక గదిలో ఉంటూ పొద్దున్నే బస్సెక్కి రాష్ట్రం దాటి పనికి పోతాను, సాయంత్రం మళ్ళీ రాష్ట్రం దాటి ఇంటికొస్తాను. యజమానిది బోడినాయకనూరు. తరతరాలుగా ఏలకుల వ్యాపారం చేసిన తెలుగు కుటుంబం. మాదీ తెలుగే. ఎప్పుడు, ఎక్కణ్ణించి వచ్చామో వాళ్ళకూ సరిగ్గా తెలియదు, మాకూ తెలియదు. వచ్చాక వాళ్ళు కొండమీద పండిన ఏలకులు కొని అమ్మారు, మావాళ్ళు మధురై వీధులు ఊడ్చారు. అంతే తేడా. యజమాని కోప్పడితే తమిళంలో కోప్పడతాడు, పని పురమాయిస్తే ఇంగ్లీషులో పురమాయిస్తాడు. మనసు బాగున్న రోజు మాత్రం నాతో తెలుగులోకి దిగుతాడు.

నేను చెప్పబోయేది ఒక పీపా గురించి. ఓక్ చెక్కతో చేసిన పాత పీపా, అంతకుముందు విస్కీ మోసింది. దాన్ని నాకు ఇవ్వమని యజమాని వెంట చాలాకాలం పడ్డాను. విసిగిపోయి ఇచ్చాడు. అందులో నేను డాపెల్‌బాక్ పోశాను. అది జర్మనీ పద్ధతిలో చేసే ముదురు రంగు బీరు. మొలకెత్తించి కాల్చిన బార్లీయే దానికి ప్రాణం. కాల్చిన రొట్టె అంచు, ఖర్జూరం, ముదురు పాకం, ఈ రుచులన్నీ ఏ పండూ ఏ బెల్లమూ వేయకుండానే అందులో ఉంటాయి. చల్లటి గదిలో ఓపిగ్గా ఉంచితే పదును తగ్గి నిండుగా తయారవుతుంది. దాన్ని పీపాలో పెట్టడం మాత్రం సాహసమే. చెక్క తన రుచి ఇస్తుంది, తన వగరూ ఇస్తుంది, సందు దొరికితే గాలిని లోపలికి రానిచ్చి బీరును పులుపెక్కిస్తుంది.

పీపా ముఖాన ఒక స్టీలు మేకు దిగ్గొట్టి ఉంచాను. అప్పుడప్పుడూ మేకు లాగితే సన్నటి ధార వచ్చేది. చిన్న గ్లాసులోకి పట్టి మళ్ళీ మేకు బిగించేదాన్ని. మొదట్లో అంతా వడ్రంగి కొట్టు వాసన. నిద్ర పట్టేది కాదు. తర్వాత కొబ్బరి వచ్చింది. ఓక్ చెక్క కొబ్బరి వాసన ఇస్తుందని చదువుకునే రోజుల్లో పుస్తకంలో చూసి నవ్వుకున్నాను, పీపా దగ్గర నమ్మాను. ఆ తర్వాత వనిల్లా, కొంచెం పొగ. ఒక రోజు ధార పట్టి వాసన చూస్తే ముందు రొట్టె, ఖర్జూరం వచ్చాయి, వాటి వెనక చెక్క నడిచి వచ్చింది. చెక్కలో పెట్టిన బీరును అంచనా వేసే పద్ధతి అదే. ముందు బీరు కనబడాలి, వెనక చెక్క వినబడాలి. ఆ రోజు గ్లాసు కడగకుండా బల్ల మీద పెట్టుకుని ఇంటికి వెళ్ళేదాకా దాని వాసన చూస్తూనే ఉన్నాను.

ఇంతలో యజమాని ఒక మాట అన్నాడు. ఈసారి కొత్త బీరు ఒక్కటే సీసాల్లోకి వెళ్తుంది. పోటీలో రెండున్నాయి, నా పీపా బీరు, ఆయన సొంతంగా చేయించిన గోధుమ బీరు. ఏది ఉండాలో బోడినాయకనూరు నుంచి వాళ్ళ పెదనాన్న వచ్చి రుచి చూసి తేలుస్తాడు. ఫ్యాక్టరీలో పెద్ద వాటా ఆయనదే. నాది కాదంటే పీపా బిరడా తీసి కాలవలోకి వదిలేయాలి. ఖాళీ పీపాలో గోధుమ బీరు పోసి చూడాలని యజమాని సరదా. సరదా ఆయనది, కాలవ నాది.

పెద్దాయన వచ్చే ముందురోజు ఫోనులో ఆజ్ఞలు వచ్చాయి. రుచి చూసే గదిలోకి మల్లెపూలు పెట్టుకున్నవాళ్ళు రాకూడదు. తలకు నూనె, ఒంటికి సెంటు, నుదుటి మీద విభూతి కూడా వద్దు. ఏలకుల వేలం రోజు వాళ్ళింట్లో పాటించే నియమాలట అవి. నాకు నచ్చాయి. ముక్కు విలువ తెలిసిన మనిషి వస్తున్నాడని ధైర్యం కలిగింది.

వచ్చాడు. తెల్ల పంచె, మోకాలి నొప్పి వల్ల కొంచెం కుంటు నడక, గద్ద ముక్కు. నన్ను చూసి "ఏం పాపా, నువ్వేనా చేసింది? మన భాష మాటాడతావంట?" అన్నాడు. అవునయ్యా అన్నాను. ఆయన కూర్చున్నాడు, యజమాని పక్కన కూర్చున్నాడు, నేను నిలబడ్డాను. కూర్చోమని ఎవరూ అనలేదు, అంటారని నేనూ అనుకోలేదు.

మొదటి పేచీ నేనే పెట్టాను. యజమాని రెండు బీర్లనూ ఐసులా చల్లబరిచి తెప్పించాడు. గోధుమ బీరుకు సరే, పీపా బీరు అంత చల్లగా తాగితే వగరే తప్ప ఏదీ తెలియదని చెప్పాను. "బీరంటే చల్లగా దా, చల్లగానే ఉండాల," అని యజమాని, పెదనాన్న ముందు కాబట్టి, తెలుగులోనే నా నోరు మూశాడు.

ముందు గోధుమ బీరు. యజమాని అందులో పెదనాన్నను మెప్పించడానికి ఏలకులు వేయించాడు. పెద్దాయన గ్లాసు ఎత్తి, వాసన చూసి, ఒక గుక్క తాగి, "బాగుండాది. రొంబ బాగుండాది," అని గ్లాసు పక్కన పెట్టేశాడు. యజమాని మొహం వెలిగిపోయింది. నేను నా గ్లాసు ఆయన ముందుకు జరిపాను.

తర్వాత నాది. ఆయన గ్లాసును కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. వేలు ముంచి అరచేతిలో రుద్ది, ఏలక్కాయ నలిపి చూసినట్టు వాసన పీల్చాడు. బీరును అలా చూసే మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఒక గుక్క తాగాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇక మొదలుపెట్టాడు.

"నురగ నిలవలేదు. పోసిన వెంటనే పడిపొయ్యింది."

నేను తలూపాను.

"మరం వాసన ముందుకొచ్చి నిలబడుండాది. సరక్కు యాడ? ఎనకాల దాంకోనుండాది."

మరం అంటే చెక్క, సరక్కు అంటే సరుకు. బీరు కనబడటం లేదు, చెక్కే కనబడుతోంది అంటున్నాడు. ఇంకో గుక్క.

"తువర్పు. పచ్చి వక్క కొరికినట్ల నాలిక లాగతా ఉండాది. ఆ కొబ్బరి ఏంది? కొబ్బరి ఎవురడిగినారు?" ఇంకో గుక్క. "ఖర్జూరం ఉండాది, ఆనా పొగ దాన్ని తొక్కతా ఉండాది. రంగు ఇంగా కొంజెం ఎరుపు రావాల."

తువర్పు అంటే వగరు, ఆనా అంటే కానీ. ఆయన ఆగలేదు. ఒక గుక్క, ఒక తప్పు. కాసేపాగి మళ్ళీ గుక్క, మళ్ళీ తప్పు. యజమాని ఊఁ కొడుతున్నాడు. నేను గోడకు ఆనుకుని నిలబడి వింటున్నాను.

తప్పులు వినడం నాకు కొత్త కాదు. మా అమ్మ మధురైలో ఒక ఆసుపత్రిలో ఊడ్చి తుడిచే పని చేస్తుంది. చిన్నప్పుడు సెలవుల్లో తోడు తీసుకెళ్ళేది. సూపర్‌వైజరు కిటికీ అంచున వేలితో గీసి, ఆ వేలు అమ్మకు చూపించేవాడు. మెట్ల మూల చూపించేవాడు. బకెట్టు చూపించేవాడు. అమ్మ ఒక్క మాట ఎదురు చెప్పేది కాదు. ఎవరి పనిలో తప్పులు వరసగా ఎంచుతారో వాళ్ళు వచ్చే నెల కనబడరని ఆమెకు తెలుసు. పిన్ని పని అలాగే పోయింది, ఎదురింటామెదీ అలాగే పోయింది. మా వీధిలో బాగుందనే మాట ఎవరికీ ఎవరూ చెప్పలేదు. తప్పు చెప్పలేదంటే పని ఉన్నట్టు, చెప్పారంటే పోయినట్టు.

పెద్దాయన చివరికి గ్లాసు కింద పెట్టి, చేతులు తుడుచుకుని, కాలు నొప్పిగా ఉందని బయట వసారాలోకి వెళ్ళి కూర్చున్నాడు. యజమాని నాకేసి తిరిగాడు. ఆయన గొంతులో జాలి కూడా ఉంది. అదే నన్ను ఎక్కువ మండించింది.

"పెద్దనైనా అన్ని తప్పులు చెప్పినాక ఇంగేం ఉండాది? భోజనం అయినాక బిరడా తీసి వదిలేయ్," అన్నాడు.

"వదల్ను సార్."

"ఏంటి?"

"నేను బిరడా తియ్యను. ఇంకెవర్నీ తియ్యనివ్వను. అది చెడిపోలేదు."

ఆయన బోర్డింగ్ స్కూల్లో చదువుకున్న మనిషి, గట్టిగా అరవడం చేతకాదు. "చూద్దాం," అని ఫోను పట్టుకుని ఆఫీసులోకి పోయాడు. నేను ఆ గదిలోనే నిలబడిపోయాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అమ్మలా తల వంచుకుని బకెట్టు ఎత్తుకుని పోవడానికి నేను ఇంత చదువు చదవలేదు. చెడిపోయిన బీరు ఎలా ఉంటుందో నాకు తెలుసు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది, ముక్కు గుచ్చే పులుపు వస్తుంది. ఆయన అన్ని తప్పులు చెప్పాడే, అందులో ఈ రెండూ లేవు. లేనివి చెప్పలేదు, ఉన్నవి ఒక్కటీ వదల్లేదు. అంటే ఆ ముక్కు నిజమైన ముక్కు. మరి ఆ ముక్కు ఉన్న మనిషి దీన్ని ఎలా కాదంటాడు?

గ్లాసులు తీద్దామని బల్ల దగ్గరికి వెళ్ళాను. అప్పుడు చూశాను. పెద్దాయన ముందున్న గోధుమ బీరు గ్లాసు దాదాపు నిండుగా ఉంది. నా బీరు గ్లాసు అడుగు దాకా ఖాళీ. అడుగున ఒక్క చుక్క కూడా వదల్లేదు.

నాకు ఏమీ అర్థం కాలేదు. అయినా ఆ రెండు గ్లాసులూ అలాగే ఒక ట్రేలో పెట్టుకున్నాను. చల్లగదికి వెళ్ళి మేకు లాగి కొత్త గ్లాసులోకి ధార పట్టాను, ఒక చేత్తో ట్రే పట్టుకుని, రెండో అరచేతిలో దాన్ని వేడి చేస్తూ వసారాలోకి నడిచాను. ఆయన స్తంభానికి ఆనుకుని కాలు చాపుకుని ఉన్నాడు.

"అయ్యా, ఇంకోసారి చూడాల మీరు," అన్నాను. "అప్పుడు ఐసు మాదిరి ఇచ్చినారు. చల్లగుంటే మరమే మాటాడతాది. ఇప్పుడు చూడండి."

ఆయన ఎగాదిగా చూసి గ్లాసు అందుకున్నాడు. వాసన పీల్చాడు. ఒక గుక్క.

"మరం ఇంగా ఉండాది," అన్నాడు.

"ఉండాల అయ్యా. మరంలో పెట్టినది మరం లేకుండా ఎట్లుంటాది? ముందు ఏం వచ్చిందో చెప్పండి."

"...రొట్టె."

"తర్వాత?"

"ఖర్జూరం. ఆనా తువర్పు..."

"తువర్పు ఎంతసేపు నిలిచింది? మింగినాక పొయ్యిందా లేదా?"

"పొయ్యింది," అని ఒప్పుకున్నాడు. వెంటనే ఇంకో వేలు మడిచాడు. "కొబ్బరి?"

"ఓక్ మరం గుణం అది. వద్దంటే ఇనుప ట్యాంకులో పెట్టుకోవాల. నురగ సంగతి మీరు చెప్పింది నిజం. అది నేను సరిచేస్తాను. రంగు మార్చను. పొగ మార్చను."

"మార్చవా?"

"మార్చను. పీపా కూడా ఖాళీ చెయ్యను. ఆ పని ఇంకొకరికి చెప్పుకోండి," అని ట్రేలో ఉన్న ఖాళీ గ్లాసూ, నిండు గ్లాసూ రెండూ ఆయన పక్కన అరుగు మీద పెట్టాను. "తప్పులన్నీ దీనికి చెప్పినారు. మరి దీన్నెందుకు తాగేసినారు? బాగుండాది అన్నదాన్నెందుకు వదిలేసినారు?"

ఆయన రెండు గ్లాసుల వంకా చూసి, నా వంకా చూసి, ఉన్నట్టుండి పెద్దగా నవ్వాడు. కాలు నొప్పి మర్చిపోయి తొడ మీద కొట్టుకుని నవ్వాడు.

"ఖాళీ చెయ్యమని ఎవురు చెప్పినారు నీకు?"

"సార్ చెప్పినారు. మీరు అన్ని తప్పులు చెప్పినారని."

"వాడికి ఏం తెలుసు? ఒక్క దినమన్నా ఏలకుల ఏలంలో కూచున్నాడా వాడు?" నవ్వు ఆపుకుని, చిన్న పిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "వేండాం, వద్దు అనుకున్న సరక్కుకి ఎవుడన్నా తప్పులు చెప్తాడా పాపా? బాగుండాది అని పక్కన పెట్టి పోతాడు. తప్పులు చెప్పేది కొనేదానికి. ఎంత కావాలనుకుంటే అంత తప్పులు చెప్తాము. మా నైనా నాకు అట్ల దా నేర్పినాడు. నోరు తెరిచి మెచ్చుకుంటే అమ్మేవాడు ధర పెంచి ఎక్కి కూచుంటాడు."

నాకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

"అమ్మేవాళ్ళకి కదా అది? నేను మీ దగ్గర జీతానికి చేసేదాన్నయ్యా. ఎక్కి కూచునేదానికి నా దగ్గర ఏముండాది?"

ఆయన నవ్వు ఆగిపోయింది. చేతిలో గ్లాసు ఒక తిప్పు తిప్పి కింద పెట్టాడు. "పీపా ఎవురూ ముట్టకూడదని వాడికి చెప్తాను. ఆ గోధుమది వాణ్ణే తాగమను. ఏలక్కాయ నాకే నేర్పించేదానికి వచ్చినాడు," అని గొణిగాడు. నేను గెలిచాను. గెలిచినట్టు అనిపించలేదు.

అప్పుడే నా ఫోను మోగింది. మధ్యాహ్నం భోజనాల వేళ అమ్మ రోజూ చేస్తుంది. చేతులు బీరుతో తడిగా ఉంటే స్పీకరు నొక్కి అరుగు మీద పెట్టాను.

"తిన్నావా పాపా?"

"ఇంకా లేదమ్మా. మా పెద్దాయన వచ్చుండారు. మాటాడతా ఉండాను."

పెద్దాయన మొహం విప్పారింది. "ఎవురు, అమ్మా? ఇట్ల ఇయ్యి," అని నేను ఇచ్చేలోపే ఫోను మీదికి వంగాడు. ఆయన మనసు నిండుగా ఉంది. నన్ను ఊరడించాలనుకున్నాడు, ఆ పని తనకు తెలిసిన ఒక్క పద్ధతిలోనే మొదలుపెట్టాడు.

"అమ్మా, నేను ఈ ఫ్యాక్టరీ పెద్దను. నీ బిడ్డ చేసింది చూసినాను. నురగ నిలవలేదు. మరం వాసన ఎక్కువ. తువర్పు ఉండాది..."

అటువైపు ఆసుపత్రి వరండాలో ఎవరో బకెట్టు ఈడ్చిన చప్పుడు. తర్వాత అమ్మ గొంతు వచ్చింది. నాతో మాట్లాడే గొంతు కాదది. చిన్నప్పుడు మెట్ల దగ్గర విన్న గొంతు.

"అయ్యా, చిన్న బిడ్డయ్యా. తెలీక చేసుంటాది. ఈ ఒక్క తూరి మన్నించండి. పనిలోనుంచి తీసేయొద్దండయ్యా. నేను చెప్తాను దానికి. మళ్ళా అట్ల చెయ్యదు."

పెద్దాయన ఉలిక్కిపడ్డట్టు వెనక్కి జరిగి నా మొహం చూశాడు. ఫోను తీసుకుని అమ్మకు సర్దిచెబుతానని ఎదురుచూశాడు కాబోలు. నేను తీసుకోలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆ మాటకు జవాబు చెప్పాల్సింది ఆయనే.

"లేదమ్మా," అన్నాడు. "అట్ల కాదమ్మా. నేను చెప్పింది..." ఆగిపోయాడు. మెచ్చుకునే మాట ఆయన నోటికి అలవాటు లేదు. అంత వయసు వచ్చిన మనిషి, ఎన్నో వేలాల్లో కూర్చున్న మనిషి, చెమట తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.

"నీ బిడ్డ బాగా చేసిందమ్మా. శానా బాగా చేసింది. ఇట్లాంటిది నేను ఇంతవరకూ తాగలేదు. పనిలోనుంచి ఎవురూ తియ్యరు. నేనుండేదాకా ఎవురూ తియ్యరు."

అటువైపు బకెట్టు చప్పుడు ఆగింది.

"ఏమన్నారయ్యా?" అంది అమ్మ. "సరిగా వినబడలేదు. ఇంగోసారి చెప్పండి."

ఆయన ఫోనుకు ఇంకా దగ్గరగా వంగి, బాగా చేసిందమ్మా అని మళ్ళీ మొదటినుంచి చెప్పాడు.